చిత్తుప్రతి నుండి శుద్ధప్రతికి: తన వ్రాతను తానే దిద్దుకొను విధము

నిజామాబాదు జిల్లా రెంజల్ మండలములో, మహారాష్ట్ర సరిహద్దున, కందకుర్తి అను గ్రామమున్నది. గోదావరి తెలంగాణలో ప్రవేశించునది ఇక్కడనే. దక్షిణము నుండి వచ్చు మంజీర ఇక్కడ దానిలో కలియుచున్నది. హరిద్ర అను చిన్న ఏరు కూడ చేరుటచే ఈ చోటును త్రివేణీ సంగమమందురు. బోధను, నిజామాబాదు ప్రాంతపు విద్యార్థికి ప్రకృతిని గూర్చి వ్యాసము వ్రాయుటకు ఇంతకంటె చేరువలోనున్న మంచి విషయము దొరకుట కష్టము. నదులు, వాన, ఒండ్రు, వరద, సరిహద్దు అన్నియు ఒకేచోట కనిపించును.

సాధారణముగ జరుగునది ఏమనగా, విద్యార్థి వ్యాసమును ఒక్క బిగిన వ్రాసి, చివరి వాక్యము క్రింద గీత గీసి, పుస్తకమును ఉపాధ్యాయునకు ఇచ్చివేయును. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో తప్పులను దిద్దును. విద్యార్థి మార్కును చూచి పుస్తకము మూసివేయును. ఇందులో దిద్దుట నేర్చుకొన్నవారెవరు? ఇదివరకే దిద్దుట తెలిసిన ఉపాధ్యాయుడు మరియొకసారి దిద్దినాడు. నేర్చుకొనవలసిన విద్యార్థి ఆ పనిలో పాల్గొననే లేదు. పాఠశాల విడిచిన పిదప అతని వ్రాతను దిద్దువారుండరు. అతడు వ్రాసిన అర్జీ, ప్రయోగశాల నివేదిక, మందు వాడుక చీటీ, వరద హెచ్చరిక అన్నియు అతడు వ్రాసినట్లే ఇతరుల చేతికి పోవును. కనుక తన వ్రాతను తానే పరీక్షించుకొను శక్తి అలంకారము కాదు, అవసరము.

ఈ శక్తి కొందరికి పుట్టుకతో వచ్చునది కాదు. దీనికి ఒక పద్ధతి యున్నది. ఆ పద్ధతిని ఒక చిన్న ఉదాహరణతో పరిశీలింపవచ్చును.

ఒక చిత్తుప్రతి

కందకుర్తి సంగమమును గూర్చి తొమ్మిదవ తరగతి విద్యార్థి వ్రాయదగిన పేరా ఒకటి ఈ దిగువ నీయబడినది. ఇది ఉదాహరణకై కూర్చినది.

"కందకుర్తి చాలా ప్రసిద్ధి చెందిన గ్రామము. ఇక్కడి ప్రకృతి చాలా రమణీయముగా ఉండును. గోదావరి దక్షిణ భారతమున అన్నిటికంటె పొడవైన నది. మంజీర దానికి ఉపనది. అది బాలాఘాటు కొండలలో పుట్టి దక్షిణముగా ప్రవహించి ఇక్కడ దానిలో కలియును. వానకాలమున అధికముగా ఎక్కువ వానలు పడుటచే వరదలు వచ్చును. అప్పుడు ఇది లక్ష టి.ఎం.సి.ల వేగముతో ప్రవహించును. దాని నీటి రంగు వేరు, దీని నీటి రంగు వేరు, కనుక రెండు నీళ్లు ఒకదానితో నొకటి కలియవు. నది నడుమనున్న శివాలము మునిగిపోవును. ఇక్కడ మూడు నదులు కలియుటచే త్రివేణి యందురు."

పైపైన చూచినచో ఈ పేరా బాగుగనే యున్నట్లు తోచును. విషయము ఉన్నది, ఉత్సాహము ఉన్నది. అయినను ఇందులో దిశను గూర్చి ఒక తప్పు, కొలతను గూర్చి ఒక తప్పు, తర్కములో ఒక తప్పు, అక్షరములో ఒక తప్పు కలవు. ఇవి గాక, చదువరిని తికమక పెట్టు మాటలు, పనిలేని మాటలు కొన్ని యున్నవి. ముందునకు పోవుటకు పూర్వము పాఠకులు వీనిని తామే వెదకి చూచుట మంచిది.

తన తప్పు తనకు కనబడకపోవుటకు కారణము

ఇతరుల వ్రాతలోని తప్పు చప్పున కనబడును. తన వ్రాతలోనిది కనబడదు. ఇది అజాగ్రత్త వలననే కలుగునది కాదు. కంటికిని మెదడుకును గల సంబంధమే దీనికి మూలము.

చదువునప్పుడు కన్ను పంక్తి వెంట నీరువలె జారుచు పోదు. అది గంతులు వేయుచు పోవును. ఈ సంగతిని ఫ్రెంచి నేత్రవైద్యుడు ఎమిల్ జవాల్ 1879 ప్రాంతమున గుర్తించి ప్రకటించెను. కన్ను ఒకచోట సుమారు సెకండులో నాలుగవ వంతు కాలము నిలిచి, వెంటనే మరియొక చోటికి దూకును. నిలిచినపుడు కూడ నేత్రపటలమున నడుమనున్న చిన్న భాగము మాత్రమే అక్షరములను స్పష్టముగ గ్రహించును. దానికి ఇరుప్రక్కల నున్నవి మసకగా కనబడును. ఆ మసకలో నున్న మాటలను మెదడు సందర్భమును బట్టి ఊహించి పూరించుకొనును. వేగముగా చదువగలుగుటకు ఈ ఊహయే తోడ్పడుచున్నది. తప్పులు కంటబడకపోవుటకు కారణము కూడ అదియే.

ఇతరుల వ్రాతను చదువునపుడు ముందు రానున్న మాట యేదో పూర్తిగా తెలియదు. కనుక మెదడు కాగితముపై నున్నదానిని కొంత శ్రద్ధతో చూడవలసి వచ్చును. తన వ్రాత విషయములో అట్లు కాదు. ఏమి చెప్పదలచినదో ముందే తెలియును. కాగితముపై నున్నదానికి బదులు మనస్సులో నున్నదానినే చదువుట జరుగును. పై పేరాలో "శివాలయము" అను మాటలో "య" లోపించినది. వ్రాసిన విద్యార్థి దానిని పదిసార్లు చదివినను "శివాలయము" అనియే చదువును.

ఈ విషయమును మనోవిజ్ఞానులు ప్రయోగములచే పరీక్షించిరి. డేన్‌మన్, స్టెయిన్‌టన్ అను పరిశోధకులు 1993లో ప్రకటించిన ఫలితములను బట్టి, ఇతరుల రచనలో కంటె స్వంత రచనలో తప్పులను పట్టుట కష్టము. వ్రాసిన పిదప రెండు వారములు గడచిన తరువాత చూచినచో ఈ కష్టము తగ్గును. తన వాక్యములను కొంత మరచిన తరువాత రచయిత తన వ్రాతకే పరాయి చదువరి యగుచున్నాడన్నమాట. పాఠశాలలో రెండు వారములు ఆగుట సాధ్యము కాకపోవచ్చును. కనీసము ఒక రాత్రి గడువనిచ్చి, మరునాడు చూచుకొనుట సాధ్యమే.

కాలము లేనపుడు వ్రాత రూపమును మార్చుట మరియొక ఉపాయము. పైకి చదువుట అందులో ముఖ్యమైనది. పైకి చదువునపుడు నాలుక ప్రతి మాటను పలుకవలెను. కన్ను దాటిపోయిన చోట నాలుక తడబడును. ఊపిరి చాలని వాక్యము చాలా పొడుగైనదని తెలియును. చేతివ్రాతను మరియొకరిచే చదివించి వినుట ఇంకను మేలు. చదువువాడు ఆగిన ప్రతిచోటను గుర్తు పెట్టుకొనవలెను.

పెద్దవి ముందు, చిన్నవి తరువాత

దిద్దుకొనుటకు కూర్చున్న విద్యార్థి మొదట చేయుపని సాధారణముగ ఒత్తులు, దీర్ఘములు సరిచూచుకొనుట. ఇది తలక్రిందుల పని. ఎందువలన నన్నది బోధను ప్రాంతమువారికి తెలిసిన ఒక ఉదాహరణచే సుబోధకమగును.

బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోని పెద్ద చక్కెర కర్మాగారములలో ఒకటిగ పేరొందినది. 2015లో అది మూతపడినది. అయినను చెరకు నుండి చక్కెర తయారగు క్రమము ఆ ప్రాంతమున పెద్దలకు తెలిసినదే. గానుగలలో నలిగి వచ్చిన రసములో ఐదింట నాలుగు పాళ్లకు పైగా నీరే. దానిలో మట్టి, పీచు, మైనము మొదలగు మలినములు కూడ ఉండును. ముందుగా రసమునకు సున్నపు పాలు కలిపి వేడి చేయుదురు. సున్నము రసములోని పులుపును విరిచి, మలినములు మడ్డిగా పేరుకొని అడుగునకు దిగునట్లు చేయును. తేటయైన రసమును మాత్రమే మరిగించి చిక్కపరతురు. ఆ పిదప పలుకులు కట్టించి, గిరగిర తిరుగు యంత్రములలో మొలాసిస్‌ను వేరుచేయుదురు. మడ్డి తీయకుండ మరిగించినచో వంటచెరకు వృథా, చక్కెర మురికి.

రచనను దిద్దుటలోను ఇదే వరుస పాటింపవలెను. మొదట విషయము నిజమా కాదా అని చూడవలెను. తరువాత వాదము నిలుచునా, వరుస సరియైనదా అని చూడవలెను. పిదప వాక్యములను, మాటలను చిక్కబరచవలెను. అక్షరములను చిట్టచివర దిద్దవలెను. ఒక వాక్యమునకు అరగంట సేపు మెరుగు పెట్టిన తరువాత ఆ వాక్యమే తప్పని తేలినచో ఆ శ్రమయంతయు వ్యర్థము. అంతకంటె పెద్ద అపాయమొకటి కలదు. మెరుగు పెట్టిన వాక్యమును కొట్టివేయుటకు మనసు రాదు. తప్పు వాక్యము అందముగా నుండుటచే నిలిచిపోవును.

నిజము, కొలత

పై పేరాలో "మంజీర దక్షిణముగా ప్రవహించి" అను మాటను పటముతో పోల్చి చూడవలెను. మంజీర మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో బాలాఘాటు కొండలలో పుట్టినది. మొదట ఆగ్నేయముగ పోయి, కర్ణాటకములోని బీదరు జిల్లాను దాటి, తెలంగాణలో సంగారెడ్డి ప్రాంతమునకు వచ్చును. అక్కడ వంపు తిరిగి ఉత్తరముగ సాగి, 1923-1931 నడుమ నిర్మింపబడిన నిజాంసాగరు జలాశయమును దాటి, కందకుర్తి వద్ద గోదావరిని చేరును. దాని మొత్తము పొడవు 724 కిలోమీటర్లు. కందకుర్తిలో నిలిచి చూచువానికి మంజీర దక్షిణము నుండి వచ్చును, దక్షిణమునకు పోదు. నదులు దక్షిణముగనో తూర్పుగనో పోవునన్న అలవాటు చొప్పున విద్యార్థి వ్రాసెను. అలవాటు చెప్పిన మాటను పటము చెప్పిన మాటతో సరిచూచుటయే మొదటి పరీక్ష.

రెండవది "లక్ష టి.ఎం.సి.ల వేగము". వరద దినములలో వార్తలలో క్యూసెక్కులు, టి.ఎం.సి.లు అను రెండు మాటలు తరచు వినబడును. వీని భేదము తెలియవలెను. క్యూసెక్కు అనగా సెకండునకు ఒక ఘనపుటడుగు నీరు, అనగా సుమారు 28.3 లీటర్లు. ఇది ప్రవాహమునకు కొలత. టి.ఎం.సి. అనగా వంద కోట్ల ఘనపుటడుగుల నీరు. ఇది నిలువకు కొలత, ఇందులో కాలము లేదు. 11,574 క్యూసెక్కుల ప్రవాహము ఒక పగలు, ఒక రాత్రి పూర్తిగా సాగినచో ఒక టి.ఎం.సి. నీరగును. లక్ష క్యూసెక్కుల వరద ఒక దినమున తెచ్చు నీరు సుమారు 8.64 టి.ఎం.సి.లు.

ఈ లెక్క తెలిసినచో విద్యార్థి వాక్యము ఎంత దూరము పోయినదో తెలియును. లక్ష టి.ఎం.సి.లు అనగా సుమారు 2,830 ఘన కిలోమీటర్ల నీరు. గోదావరి పరీవాహక ప్రాంతమంతటను ఒక సంవత్సరములో లభించు సగటు నీరు సుమారు 110 ఘన కిలోమీటర్లని లెక్క. అనగా ఇరువది సంవత్సరములకు పైబడిన నది నీరంతయు ఒక్క వాక్యములో ఇమిడిపోయినది. అంకె సరియైనదై యుండవచ్చును, ప్రమాణము మారినది.

ఇట్టి పొరపాటు పెద్దవారికిని సంభవించినది. 1998 డిసెంబరులో అమెరికా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అను అంతరిక్షనౌక 1999 సెప్టెంబరు 23న అంగారకుని చేరి నష్టమైనది. ఒక బృందము తన లెక్కలను పౌండ్లలో ఇచ్చినది. రెండవ బృందము అవి న్యూటన్లలో నున్నవని తలచినది. అంకెలను అందరు చూచిరి, అంకె ప్రక్కనుండవలసిన ప్రమాణమును ఎవరును నిలదీయలేదు. కనుక వ్యాసములోని ప్రతి అంకె వద్ద ఆగి మూడు ప్రశ్నలు వేయవలెను: ఇది దేని కొలత? ఏ ప్రమాణములో? ఇంత యుండుట సంభవమేనా?

కారణము, కార్యము

"రంగు వేరు, కనుక రెండు నీళ్లు కలియవు" అను వాక్యములో చూచిన సంగతి ఒకటి, దానినుండి తీసిన నిర్ణయము ఒకటి. ఇవి రెండును వేరు. రెండు నదులు తెచ్చు ఒండ్రు పాళ్లు వేరైనపుడు సంగమము దిగువ కొంత దూరము రెండు రంగుల నీరు ప్రక్కప్రక్కన కనబడుట కద్దు. ఇది కంటికి కనబడిన సంగతి. అంతమాత్రమున అవి ఎన్నటికిని కలియవని చెప్పరాదు. దిగువకు పోయిన కొలది సుడులలో పడి రెండు నీళ్లును కలిసి, ఒకే రంగుగ మారును. "కలియవు" అను మాటకు బదులు "వెంటనే కలియవు" అని వ్రాసినచో వాక్యము నిజమగును. ఒక్క మాట చేరికతో అర్థము పూర్తిగా మారినది.

చిత్తుప్రతిలో "కనుక", "కాబట్టి", "అందువలన" అను మాటలున్న ప్రతిచోటను క్రింద గీత గీసి, మొదటి భాగము నుండి రెండవ భాగము నిజముగా వచ్చుచున్నదా అని పరీక్షింపవలెను. రాకున్నచో రెండు మార్గములు కలవు: నడుమ తప్పిపోయిన కారణమును వ్రాయుట, లేదా నిర్ణయమును తగ్గించుకొనుట. విజ్ఞాన రచనలో "ఎల్లప్పుడు", "ఎన్నడును", "అన్నియు" అను మాటలను కూడ ఇట్లే అనుమానింపవలెను.

వరుస, సర్వనామము, పనిలేని మాట

పేరా చివర "మూడు నదులు కలియుటచే త్రివేణి యందురు" అని యున్నది. చదువరి ముందుగా తెలిసికొనవలసిన సంగతి ఇదియే. పైగా మూడవది యేదో చెప్పనే లేదు. విద్యార్థికి హరిద్ర తెలియును గనుక చదువరికిని తెలియుననుకొనెను. వరుసను పరీక్షించుటకు సులభమైన ఉపాయమొకటి కలదు. ఒక్కొక్క వాక్యములోని విషయమును రెండు మూడు మాటలలో అంచున వ్రాయవలెను. ఈ పేరాకు ఆ పట్టిక ఇట్లుండును: ప్రసిద్ధి, రమణీయత, గోదావరి పొడవు, మంజీర, పుట్టుక, వాన, వేగము, రంగు, ఆలయము, త్రివేణి. దీనిని చూడగనే మాటలు గుట్టగా పడియున్నవని తెలియును. స్థలము, నదులు, వాన, వరద, ఫలితము అను వరుస సహజము.

"ఇది", "అది", "దాని", "దీని" అను మాటలు చిత్తుప్రతులలో తరచు దారి తప్పించును. "అప్పుడు ఇది ప్రవహించును" అన్నచో గోదావరియా, మంజీరయా? వ్రాసినవానికి సందేహము లేదు, చదువువానికి తప్పదు. రెండు నదులున్న పేరాలో నది పేరును మరల వ్రాయుట పునరుక్తి దోషము కాదు.

"అధికముగా ఎక్కువ" అనునది మాత్రము నిజమైన పునరుక్తి. "చాలా ప్రసిద్ధి", "చాలా రమణీయము" అనునవి ఏ గ్రామమునకైనను సరిపోవు మాటలు. కందకుర్తి పేరు తీసివేసి మరియొక ఊరి పేరు పెట్టినను చెల్లు వాక్యము కందకుర్తిని గూర్చి ఏమియు చెప్పుట లేదు. అట్టి వాక్యమును కొట్టివేయుటకు వెనుదీయరాదు. ఆ స్థానమున కంటితో చూచినది ఒక్కటి వ్రాసినచో చాలును.

అక్షరము

ఇవి యన్నియు ముగిసిన పిదప అక్షరముల వంతు వచ్చును. తెలుగులో "మ", "వు" పోలిక గలవి. "ప", "వ" చేతివ్రాతలో ఒకదానివలె నొకటి కనబడును. "ద", "ధ" భేదము, "శ", "ష", "స" భేదము, "ల", "ళ" భేదము జాగ్రత్తగ చూచుకొనవలసినవి. పేరాను చివరి వాక్యము నుండి మొదటి వాక్యము వరకు వెనుకకు చదువుట ఇందుకు మంచి సాధనము. అట్లు చదివినచో అర్థప్రవాహము తెగిపోవును. మెదడు ఊహించి పూరించుటకు వీలు తగ్గును. అక్షరములు ఉన్నవి ఉన్నట్లు కనబడును.

తాటాకులపై గంటముతో వ్రాసిన దినములలో ఒకసారి గీచిన గీత చెరగునది కాదు. మాట విడిచిపోయినచో ఆ చోట హంస అడుగువంటి గుర్తు పెట్టి, విడిచిన మాటను పైన చేర్చెడివారు. హంసపాదు అను ఆ గుర్తు నేటికిని వాడుకలో నున్నది. అచ్చు యంత్రములు వచ్చిన పిదప ప్రూఫులు దిద్దుట, తప్పొప్పుల పట్టిక చేర్చుట మొదలైనవి. తప్పించుకొన్న అచ్చుతప్పును ముద్రారాక్షసమని నవ్వుచు పిలిచెడివారు. నేడు కంప్యూటరు, ఫోను తప్పు అక్షరముల క్రింద గీత గీయుచున్నవి. అయినను "మందు" అని వ్రాయవలసినచోట "ముందు" అని వ్రాసినచో యంత్రము ఊరకుండును, రెండును తెలుగు మాటలే గనుక. మంజీర ఏ దిక్కునకు పోవుచున్నదో సరిచూచు బాధ్యత కూడ వ్రాసినవానిదే.

శుద్ధప్రతి

పై మార్పులన్నియు చేసిన పిదప పేరా ఇట్లుండవచ్చును.

"మహారాష్ట్ర నుండి వచ్చు గోదావరి కందకుర్తి వద్ద తెలంగాణలో ప్రవేశించుచున్నది. బాలాఘాటు కొండలలో పుట్టిన మంజీర 724 కిలోమీటర్లు ప్రవహించి, దక్షిణము నుండి వచ్చి ఇక్కడ గోదావరిలో కలియుచున్నది. హరిద్ర అను చిన్న ఏరు కూడ చేరుటచే ఈ చోటును త్రివేణీ సంగమమందురు. వానకాలమున ఎగువ ప్రాంతములలో పెద్ద వానలు కురిసినపుడు ఇక్కడ నీటిమట్టము పెరిగి, నదిలోని పాత శివాలయము మునుగును. గోదావరి, మంజీర తెచ్చు ఒండ్రు పాళ్లు వేరైనపుడు సంగమము దిగువ కొంత దూరము రెండు రంగుల నీరు ప్రక్కప్రక్కన కనబడును. ముందుకు పోయిన కొలది సుడులలో కలిసి ఒకే రంగుగ మారును."

లక్ష అను అంకె ఇందులో లేదు. ఏ సంవత్సరపు వరదలో, ఏ చోట కొలచిన ప్రవాహమో తెలిసినపుడే దానిని వ్రాయవలెను. తెలియనిచో విడిచివేయుట లోపము కాదు. గోదావరి పొడవును గూర్చిన వాక్యము నిజమే. అయినను ఈ పేరాకు దానితో పనిలేదు. నిజమైన ప్రతి సంగతియు ప్రతి పేరాలో ఉండనక్కరలేదు.

పెద్దలు నడచిన దారి

తిరిగి వ్రాయుట చేతగానివాని పని అని కొందరు విద్యార్థులు సిగ్గుపడుదురు. చరిత్ర ఇందుకు విరుద్ధముగా నున్నది. గురజాడ అప్పారావు కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి, 1897లో అచ్చయినది. అప్పటికే అది పేరు తెచ్చుకొన్నది. అయినను ఆయన దానితో తృప్తిపడక, 1909లో రెండవ కూర్పును ప్రకటించెను. ఐదంకముల నాటకము ఏడంకములైనది. అది దాదాపు క్రొత్త రచనయే. నేడు తెలుగువారు చదువునది, ఆడునది ఆ రెండవ కూర్పే.

చార్లెస్ డార్విన్ జీవజాతుల ఉత్పత్తిని గూర్చిన గ్రంథమును 1859లో ప్రకటించి, 1872 నాటికి ఆరు కూర్పులు వెలువరించెను. మొదటి కూర్పులోని వాక్యములలో నాలుగింట మూడు పాళ్లను తరువాతి కూర్పులలో ఒకసారియో, అంతకు మించియో మార్చెనని లెక్క తేలినది. యోగ్యతములే మనునన్న అర్థముగల ప్రసిద్ధమైన మాట మొదటి కూర్పులో లేదు, 1869 నాటి ఐదవ కూర్పులో చేరినది. అయితే ఇందులో మరియొక పాఠము కూడ ఉన్నది. విమర్శకులకు సమాధానము చెప్పుచు పోవుటచే చివరి కూర్పులలో మొదటి కూర్పు స్పష్టత తగ్గినదని పండితులలో పలువురి అభిప్రాయము. కనుక దిద్దుటకు ఒక ముగింపు ఉండవలెను. మార్పు వలన నిజమో స్పష్టతయో పెరుగనపుడు కలము ఆపవలెను.

ఐన్‌స్టీన్, రోజెన్ 1936లో వ్రాసిన వ్యాసము గురుత్వాకర్షణ తరంగములు లేవను నిర్ణయమునకు వచ్చినది. పత్రిక పంపిన పరీక్షకుడు అభ్యంతరము తెలుపగా ఐన్‌స్టీన్ కోపించి దానిని వెనుకకు తీసికొని, మరియొక పత్రికకు పంపెను. ఇంతలో తప్పు ఎక్కడనున్నదో తెలిసినది. ఆయన ప్రూఫుల దశలోనే నిర్ణయమును మార్చెను. 1937లో వ్యాసము మారిన రూపముతో వెలువడినది. ఆ తరంగములను శాస్త్రజ్ఞులు 2015 సెప్టెంబరులో మొదటిసారి యంత్రములచే పట్టిరి. మొదటి ప్రతియే అచ్చయి యుండినచో ఆ తప్పు ఆయన పేరుతో నిలిచి యుండెడిది.

తరగతి గదిలో

ఈ పద్ధతిని పాఠశాలలో అమలు పరచుటకు అదనపు సామగ్రి అక్కరలేదు. చిత్తుప్రతిని పుటలో ఒక ప్రక్కనే, పంక్తి విడిచి పంక్తి వ్రాయించవలెను. దిద్దుటకు చోటు దొరకును. మరునాడు విద్యార్థి దానిని తానే పైకి చదువుకొని, మొదట నిజము, కొలత, పిదప కారణము, వరుస, చివర మాట, అక్షరము అను క్రమమున గుర్తులు పెట్టవలెను. ఆ తరువాత ఇద్దరిద్దరు పుస్తకములు మార్చుకొని చదువవలెను. ప్రక్కవాడు తప్పు దిద్దనక్కరలేదు. అర్థము కాని చోట ప్రశ్న గుర్తు పెట్టిన చాలును.

ఉపాధ్యాయుడు కూడ తప్పును పూర్తిగ దిద్దక, తప్పున్న పంక్తికి ఎదురుగ అంచున చుక్క మాత్రము పెట్టవచ్చును. తప్పు ఏదో వెదకు పని విద్యార్థికి మిగులును. దీనివలన ఉపాధ్యాయుని శ్రమయు తగ్గును. మార్కులలో కొన్నింటిని చిత్తుప్రతికిని శుద్ధప్రతికిని గల భేదమునకు కేటాయించినచో, కొట్టివేతలున్న పుటను దాచిపెట్టు అలవాటు పోవును. చిత్తుప్రతిని పారవేయరాదు. ఏ తప్పు తనకు మరల మరల వచ్చుచున్నదో విద్యార్థి తెలిసికొనునది దానినుండియే. ఒకనికి ప్రమాణములు తప్పును, ఒకనికి సర్వనామములు, మరియొకనికి ఒత్తులు. తన తప్పుల పట్టిక తనయొద్ద నున్నవాడు వెదకవలసిన చోటు తెలిసినవాడు.

కందకుర్తికి చేరువనున్న పాఠశాలలవారు ఈ అభ్యాసమును సంగమము వద్దనే మొదలుపెట్టవచ్చును. ఉపాధ్యాయుని వెంట గట్టున సురక్షితమైన చోట నిలిచి, నీటి రంగు, నీటిమట్టము, గాలి, వాన చూచి వ్రాసికొని, ఇంటికి వచ్చి చిత్తుప్రతి తయారు చేయవలెను. వారము తరువాత దానిని పటముతోను, మొదటి కాగితముతోను సరిచూచుకొని శుద్ధప్రతి వ్రాయవలెను. దాని క్రింద చూచిన తేదీని, దిద్దిన తేదీని రెండింటిని వేయవలెను. నది ఏటేటను మారుచుండును. తేదీ యున్న వ్రాతను మరుసటి సంవత్సరపు విద్యార్థులు తమ వ్రాతతో పోల్చి చూడగలరు.